కామకురా పురజనులకు ఒక తెలుగు యాత్రికుని లేఖ



సముద్రమునకును కొండవాలునకును నడుమ, పచ్చని రైలుపెట్టెలు పోవు ఇరుకు దారిమీద, మీ ఊరి వృద్ధురాలొకతె కూరగాయలు నింపిన చక్రాల సంచిని తోసికొనుచు వచ్చి, తన యింటికి తాను పోవుటకు త్రోవ చాలక నిలిచిపోయి, ఆ త్రోవకు అడ్డముగా నిలిచియున్న నాకే తలవంచి క్షమాపణము చెప్పుకొనిన దినము మొదలుకొని నా మనస్సునకు శాంతి లేదు. అపరాధము నాది, తల వంచినది ఆమె. ఆమె పేరు నాకు తెలియదు, ఆమె భాష నాకు రాదు. కావున ఆమెకు వ్రాయవలసిన యీ లేఖను ఆమె నివసించు పురమునకంతకును, ఆ పురమును పాలించు సభవారికిని వ్రాయుచున్నాను.

నేను గోదావరి యొడ్డున పుట్టినవాడను. ముప్పదిరెండు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన పిమ్మట, తోక్యో నగరపు తూర్పు అంచున నిషికసాయిలో, మా దేశపు కంప్యూటరు ఉద్యోగులు పెక్కండ్రు కాపురముండు పేటలో, మా అమ్మాయియు అల్లుడును ఉన్నందున, పోయిన కార్తికమాసములో మూడు వారములు మీ దేశమున గడపితిని. నా యాత్రకు మార్గదర్శి తొమ్మిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు. గుడులు, తోటలు, బుద్ధవిగ్రహములు చూడవలెనని నేను కాగితముమీద వ్రాసికొని వచ్చితిని. ఆమె నోటుపుస్తకములోనున్న స్థలములలో సగము నేను పేరైన వినియుండనివి. ఒక రైల్వే గేటు, ఒక మెట్లదారి, ఒక పాత బడి, రెండు మూడు కాఫీ హోటళ్లు. వీనిని చూచుటకు ఇంత దూరము రావలెనా యని నేనడుగగా ఆమె వెంటనే, "తాతయ్యా, నువ్వు పోతనగారి ఊరు చూడాలని బమ్మెరకి వెళ్ళొచ్చావు కదా. అక్కడ ఏం చూశావు? పొలమేగా!" అని బదులు చెప్పినది. ఆ మాటకు నావద్ద సమాధానము లేకపోయినది. నేను బమ్మెరలో చూచినది పొలమే. చూచి కంట నీరు పెట్టుకొనిన మాటయు నిజమే.

మీ ఎనోడెన్ రైలు ఫుజిసావా నుండి కామకురా వరకు పది కిలోమీటర్ల దూరమును పదునైదు స్టేషనులతో నడచు చిన్న మార్గము. ఎనోషిమా దాటిన పిమ్మట కొంతదూరము వీథి నడుమనే, అంగళ్ల గుమ్మములను రాచుకొనుచున్నట్లు పోయి, కొషిగోయె విడిచినంతనే కుడిప్రక్కను సముద్రము విప్పారును. ఆ దరి స్టేషనునకు మీరు పెట్టుకొనిన పేరునకు "కామకురా ఉన్నత పాఠశాల యెదుట" అని మాత్రమే అర్థమట. బడిపంతులనైన నాకు ఆ పేరు వినగనే ప్రీతి కలిగినది. దిగి కొన్ని అడుగులు నడచితిమో లేదో, పాఠశాల కొండమీదినుండి సముద్రమువైపు జారు వాలుదారి, దానిని అడ్డగించు పట్టాలు, ఎఱ్ఱదీపములు, గంట. వాని చుట్టును నూరుమందికి తక్కువ గాని జనము. చేత కఱ్ఱ పట్టిన రక్షకుడొకడు నాలుగు భాషల పలకను చూపుచు, రోడ్డుమీదికి దిగవద్దని బ్రతిమాలుచున్నాడు. రైలును సముద్రమును మనుమరాలును ఒకే చిత్రములో ఇముడవలెనను ఆశతో నేను ఒక్కడుగు వెనుకకు వేసితిని, మఱియొక అడుగు వేసితిని. నేను నిలిచినది రోడ్డని నాకు తోచనేలేదు. గంట మ్రోగుచుండగా వెనుకనుండి మెత్తని గొంతుక వినబడి తిరిగి చూచునప్పటికి ఆ వృద్ధురాలు, ముందుకు పోలేక వెనుకకు రాలేక, నావైపు వంగుచున్నది. మీ వాకిళ్లలోనికి తొంగిచూచిన కెమెరాలు, మీ గోడలమీద మరచిపోయిన కాగితపు గ్లాసులు, ఇంటినుండి వెలువడలేక మెల్లగా హారను మ్రోగించుచున్న కారు, ఇవన్నియు నాకు ఆ క్షణమునుండి మాత్రమే కనబడసాగినవి.

ఈ గేటుయొద్దకు మేమెందుకు వచ్చితిమో మీలో చాలమందికి తెలియును. తెలియని పెద్దలు కొందరుందురేమో, వారికి చెప్పవలెను. తకెహికో ఇనోవే గారు 1990 నుండి 1996 వరకు వారపత్రికలో గీసిన స్లామ్ డంక్ అను బొమ్మలకథ 1993లో టెలివిజనునకు వచ్చినప్పుడు, దాని ప్రారంభగీతములో ఈ గేటు కొన్ని క్షణములు కనబడును. బంతియాట యెన్నడును ఎఱుగని ఎఱ్ఱజుట్టు కుఱ్ఱవాడు, ఒక బాలిక మెప్పునకై బాస్కెట్‌బాల్ చేతబట్టి, రానురాను ఆ బాలికకై కాక ఆటకై ఆటను ప్రేమించుట ఆ కథ. 2022 డిసెంబరులో వచ్చిన క్రొత్త చలనచిత్రముతో అది మరల ఆసియా ఖండమంతటి పిల్లల నోళ్లలో నానినది. మా మనుమరాలు పొట్టి పిల్ల. ఏడవ తరగతిలో నుండగా బడి జట్టునుండి తీసివేసిరని నెలదినములు బంతి ముట్టలేదు. ఆ వేసవిలో ఈ కథ నంతటిని చూచి, ఒకనాటి తెల్లవారుజామున ఎవ్వరికిని చెప్పక బంతి పుచ్చుకొని మైదానమునకు పోయినది. ఇప్పటికిని జట్టులో చోటు దొరకలేదు. ఆట మాత్రము మానలేదు. ఇట్టి మేలు చేసిన కథకు ఆనవాలుగా నేలమీద ఒక చోటు ఉన్నదని తెలిసినప్పుడు, పోయి ఒక్కసారి నిలువవలెనని ఆ బిడ్డ కోరుటను పిల్లతనమని త్రోసివేయు అధికారము నాకు లేదు.

మీ భాషలో ఈ ప్రయాణమునకు సెయిచి జున్రెయి అని పేరు; పుణ్యభూముల యాత్ర అని తాత్పర్యము. 2016లో ఏర్పడిన యానిమే టూరిజం సంఘమువారు ఇట్టి స్థలములను ఎన్నిక చేయుచు, ఆ సంఖ్యను 88గా నియమించుకొనిరి. షికోకు ద్వీపమున కోబో దైషి అడుగుజాడలను అనుసరించి భక్తులు చేయు 88 ఆలయముల ప్రదక్షిణమును స్మరించి పెట్టిన లెక్క యది. మీ పెద్దలును ఇట్టి యాత్రలు చేసినవారే. 1974లో ఇసావో తకహాతా గారు హైడీ కథను తెరకెక్కించిన తరువాత స్విట్జర్లండులోని మాయెన్‌ఫెల్డ్ గ్రామమునకును, మరుసటి యేట ఫ్లాండర్స్ కుక్క కథను చూచిన తరువాత, ఆ కథలోని బాలుడును కుక్కయు రూబెన్స్ చిత్రము క్రింద ప్రాణములు విడిచిన ఆంట్వెర్ప్ మహాదేవాలయమునకును జపానీయులు తరలిపోయిరి. మాకును ఇది క్రొత్త కాదు. మా గోదావరి యొడ్డున కొవ్వూరు దాపున, కుమారదేవమను పల్లెలో, నూటయేబది సంవత్సరముల నిద్రగన్నేరు వృక్షమొకటి యుండెడిది. దాని నీడను తీసిన తెలుగు చలనచిత్రములు వందలు. జనులు దానిని సినిమా చెట్టని పిలిచిరి. 2024 ఆగస్టులో ఏటి కోతకు అది నేలకొరగినదని విని నేను చూడబోయితిని. బంధువు పోయిన యింటికి వచ్చినట్లు మనుష్యులు వచ్చి, కొమ్మలను తడవి, మాటలాడక తిరిగిపోవుచుండిరి.

కావున మా రాకలో భక్తి లేదనను. మా భక్తికి మర్యాద తెలియదని మాత్రము ఒప్పుకొందును. ఆ మర్యాద ఎట్లుండవలెనో మీ దేశమే తక్కిన దినములలో నాకు నేర్పినది; అది చెప్పుటకే ఇంత వ్రాయుచున్నాను.

మితాకా పట్టణమున 2001లో తెరచిన, జిబ్లీ బొమ్మలచిత్రముల మ్యూజియమునకు పోవలెనన్న ముందుగా టిక్కెట్టు కొనియుండవలెను, ద్వారమువద్ద అమ్మరు. లోపల ఫోటోలు తీయనీయరు. ఈ నిషేధము విన్నప్పుడు మా మనుమరాలి ముఖము చిన్నవోయినది. వాగు వెంబడి చెట్లక్రింద నడచి, చలనచిత్రపు పీలిక ముక్కనే టిక్కెట్టుగా చేతబట్టి, ఆ యింటిలో అడుగుపెట్టిన పిమ్మట మూడు గంటలసేపు ఆమె చేతులు ఖాళీగానుండుట నేను చూచితిని. ఖాళీయైన ఆ చేతులు గోడలను తాకినవి, గుండ్రని మెట్లకమ్మెను పట్టుకొనినవి, చిన్న తలుపులను తెరచినవి. చిత్రకారుని బల్లమీద అరిగిపోయిన పెన్సిలు ముక్కలు గాజుపాత్రలో కుప్పగానుండగా, వానియెదుట ఆమె ఎంతసేపు నిలిచెనో చెప్పలేను. మా గుడులలో గర్భాలయమునకు కెమెరా కొనిపోరాదు. తిరుమలలో రాత్రియంతయు క్యూలో కూర్చుండిన భక్తునికి స్వామియెదుట దొరకునది రెప్పపాటు కాలమే. ఆ రెప్పపాటునే దర్శనమందురు, ఆ రెప్పపాటునకై మరల వత్తురు. మేము దర్శనమునకు అలవాటుపడిన జాతివారము. మీ గేటుయొద్ద ఆ అలవాటును ఎక్కడ పోగొట్టుకొంటిమో! కన్నులతో చూడవలసినదానిని చేతితో పట్టుకొనబోయి, పట్టుకొను తొందరలో ఒక ముసలితల్లి దారి మూసితిని.

కాఫీ హోటళ్ల సంగతి యొకింత చెప్పవలెను. ఏలయన వానిలో ఒకటి నన్ను మార్చినది. మొదట అకిహబారాలో, 2001 నుండి వెలసిన పరిచారికావేషపు కాఫీశాలల వీథిని దాటితిమి. చలిలో అట్టలు పట్టుకొని నిలిచిన ఆడుపిల్లలను చూచి నాకు లోనికి పోబుద్ధి కాలేదు. నెలదినముల ముందే చోటు నిశ్చయము చేసికొనిన పోకెమాన్ కాఫీశాలలో, పాలనురుగు మీద దిద్దిన పికాచూ ముఖమును చెదరగొట్టుటకు మనసొప్పక, మనుమరాలు కాఫీ చల్లారువరకు కూర్చున్నది. పక్షులను చూపు కాఫీశాల యొకదానిలో, రాత్రి సంచరింపవలసిన గుడ్లగూబలు పట్టపగలు దీపముల వెలుతురున, కాలికి త్రాడుతో, వరుసగా కొయ్యలమీద కూర్చుండియుండగా, వచ్చినవారందఱు తలలు నిమురుచుండిరి. మేము డబ్బు చెల్లించి యుండియు అయిదు నిమిషములలో బయటికి వచ్చితిమి. ఎవరి సుఖమునకో ఒకరిని కదలనీయక కట్టివేసి దానిని వినోదమనుట నాకు దుస్సహము. ఆ రాత్రి మనుమరాలు అన్నము సరిగా తినలేదు.

మరునాడు నిహొన్‌బాషిలో, 2021 జూను నుండి నడచుచున్న డాన్ అవతార్ రోబోట్ కేఫ్‌నకు పోయితిమి. అవతారమను మా మాట అంత దూరదేశమున బోర్డుమీద కనబడినందుకే మొదట ముచ్చట కలిగినది. లోన కూర్చున్న తరువాత ఆ మాటకు అంతకన్న తగిన అర్థము వేరొకటి లేదనిపించినది. బల్లమీద నున్న చిన్న తెల్లని యంత్రపుబొమ్మ తలయెత్తి మమ్ము పలుకరించును. అంతకన్న పొడవైనది చక్రములమీద వచ్చి పళ్లెము నందించును. ఆ బొమ్మలలో నుండి మాటలాడువారు యంత్రములు కారు, మనుష్యులు. నరముల వ్యాధిచేతనో వెన్నెముక దెబ్బచేతనో పడకను విడువలేనివారు, ఇల్లు కదలలేనివారు, తమ యూళ్లలోనే యుండి, కొందఱు కనుచూపుతోడనే అక్షరములను ఎన్నుకొని, ఆ బొమ్మలద్వారా ఉద్యోగము చేయుదురు, జీతము తీసికొందురు. వారిని పైలట్లందురు. ఓరీ ల్యాబొరేటరీవారు నిర్మించిన యీ బొమ్మకు ఒరిహిమే అని పేరు. మా బల్లవద్ద మాటలాడిన పైలట్టు ఎన్నో సంవత్సరములుగా పడకమీదనే యున్నదట. మేము గోదావరివారమని విని, ఆ నది ఎంత వెడల్పు, ఆవలియొడ్డు కనబడునా, పడవలో దాటుదురా, వంతెనమీద దాటుదురా యని ఎడతెగక అడిగినది. రాజమహేంద్రవరము వంతెనమీద రైలు పోవునప్పుడు పుట్టు చప్పుడును మనుమరాలు నోటితో అనుకరించి వినిపింపగా ఆ బొమ్మ రెండు చేతులును ఎత్తినది. లేచునప్పుడు, "మళ్ళీ రండి, నేను ఇక్కడే ఉంటాను" అని ఇంగ్లీషులో పలికినది. ఇక్కడే యనుటలో ఆమె యుద్దేశించిన స్థలము ఏది? ఆమె పడకయా, మా బల్లయా? రెండును ఆమెవే. ఒక స్థలమును చూడవచ్చితిమనుకొంటిమి. అక్కడ మాకు లభించినది ఒక మనిషి పరిచయము.

ఈ యెఱుకతో చూచినందున, తరువాత పోయిన ఊళ్లలో బొమ్మకన్న ముందు ఊరివారే నాకు కనబడసాగిరి. సైతామా ప్రాంతమున వాషినొమియా దేవాలయము ప్రాచీనమైనది. 2007లో లక్కీ స్టార్ అను టెలివిజను కథలో ఆ గుడి కనబడగా ఎక్కడెక్కడి కుఱ్ఱవాండ్రో కెమెరాలతో వచ్చి పడిరి. ఆ ఊరి వర్తకసంఘమువారు మొగము చిట్లించుకొనక, వచ్చినవారినే పలుకరించి, మీకేమి కావలెనని యడిగి, చిన్న చిన్న వస్తువులు చేయించి అంగళ్లలో నమ్మించిరి. 2008లో జరిగిన ఉత్సవమున ఆ కథాపాత్రల బొమ్మలు వ్రాసిన మికోషి పల్లకిని కూడ తమ పల్లకుల వెంట ఊరేగనిచ్చిరి. నూతన సంవత్సర దినములలో ఆ గుడికి వచ్చినవారి సంఖ్య 2008లో 3 లక్షలనియు 2009లో 4 లక్షల 20 వేలనియు లెక్క వేసిరి. లెక్కకన్న నాకు నచ్చినది మఱియొకటి: పల్లకి మోయుటకు పరాయి యూరి కుఱ్ఱవానిని పిలిచిన క్షణమున వాడు చూడవచ్చినవాడుగా నుండుట మాని, మోయవచ్చినవాడైనాడు. మా ఊరి జాతరలోను అంతే. భుజము పెట్టినవాడు ఊరివాడగును.

షిగా ప్రాంతపు తొయొసాతో పాత బడిని గూర్చి వ్రాయకుండ నా కలము పోదు. ఆ ఊరినుండి పోయి వాణిజ్యమున పైకివచ్చిన తెత్సుజిరో ఫురుకావా అను దాత ధనముతో, వోరీస్ అను వాస్తుశిల్పి 1937లో కట్టిన తెల్లని పాఠశాల యది. మెట్లకమ్ములమీద కుందేలును తాబేలును కంచుతో పోతపోసి పెట్టిరి. క్రింది మెట్టున పందెము మొదలై, నడుమ కుందేలు నిద్రించి, పైమెట్టున తాబేలు గెలుచును. దినమున కెన్నిసార్లో మెట్లెక్కు పిల్లలకు ఎవ్వరును నోరు విప్పి చెప్పనక్కఱలేని పాఠము! నా ముప్పదిరెండేండ్ల ఉద్యోగములో నేను పనిచేసిన బడులకు పెచ్చులూడిన గోడలే కాని ఇట్టి మెట్లు లేవు. ఆ కమ్మెమీద నేనును చేయివేసి, కంచు తాబేలు వీపు పిల్లల చేతులచే ఎంత నునుపెక్కినదో తెలిసికొంటిని. 2000 తరువాతి సంవత్సరములలో ఆ భవనమును పడగొట్టవలెనని పాలకులు తలపెట్టగా, గ్రామస్థులు అడ్డుపడి, వ్యాజ్యము లాడి, దానిని దక్కించుకొనిరి. ఆ పిమ్మట 2009లో క్యోతో యానిమేషన్‌వారు కే-ఆన్ అను కథలోని బాలికల బడిని దీని పోలికతో గీసిరి. నేడు పై అంతస్తు గదిలో, కథలోని బాలికలు తేనీరు త్రాగిన బల్లవలె బల్లలు కలిపి, కప్పులను సాసర్లను అమర్చిరి. అవి చాలవఱకు చూడవచ్చినవారు తెచ్చి యిచ్చినవేనట. మా మనుమరాలు వానిని ముట్టుకొనక, కుర్చీలో నిటారుగా కూర్చుండి, కిటికీవైపు చూచుచుండెను.

ఇక్కడనే నాకొక సంగతి స్పష్టమైనది. చిత్రకారుడు స్థలమును సృష్టింపలేదు. ఊరివారు కాపాడుకొనినదే అతనికి దొరకినది. తొయొసాతో గ్రామస్థులు పోరాడకయున్న ఆ మెట్లు లేవు. జిబ్లీ చిత్రముల దర్శకుడు మియజాకి గారు 2005లో బసచేసి, 2008లో వచ్చిన పోన్యో కథకు ఊహలు కూర్చుకొనిన తొమొనౌరా రేవునకు అడ్డముగా వంతెన కట్టు ప్రయత్నమును, ఆ యూరివారు కోర్టుకెక్కి 2009లో ఆపించిరి. ఆయన మఱియొక కథలోని తొతొరో తిరిగిన అడవియన్న మాట నిలుపుటకై 1990లో తొకొరొజావాలో నిధి నొకటి నెలకొల్పి, చందాలతో సయామా కొండలలో భూములు కొనుచు, ఏబదికి పైబడిన అడవిచెక్కలను ఇండ్లస్థలములు కానీయక నిలుపుచున్నారు. మీ వాలుదారియు అట్టిదే కదా! ప్రతిదినము ఆ చిన్న రైలెక్కి, ఆ గంట మ్రోగునప్పుడు ఆగి, ఆ మెట్టమీద కాపురముండి, సముద్రమునకు ఎదురుగా ఆకాశమంటు కట్టడములు లేవనీయక యుంచినవారు మీరు. మా బిడ్డ ప్రేమించిన ఆ దృశ్యములో, తెరమీద కనబడకపోయినను, ఆ వృద్ధురాలి జీవితమంతయు ఉన్నది. నేను అడ్డగించినది ఆ దృశ్యపు యజమానురాలిని.

ఆమెను అడ్డగించిన ఆనాటి సాయంకాలము మేము తిరిగి ఎనోషిమాకు నడచి, వంతెన దాటి, ద్వీపముమీది గుడిలో బెంజైతెన్ దేవిని చూచితిమి. ఎనిమిది చేతుల మూర్తియొకటి; బివా అను వీణను ఒడినిడుకొనిన మూర్తి మఱియొకటి. నేనేమియు చెప్పకమునుపే మనుమరాలు, "తాతయ్యా, సరస్వతమ్మ!" అని చేతులు జోడించినది. నిజమే, ఆమె మా సరస్వతియే. బౌద్ధముతో చీనాదేశము మీదుగా మీయొద్దకు వచ్చి, భాష మార్చుకొని, వాద్యము మార్చుకొని, సముద్రపుటొడ్డున స్థిరపడిన తల్లి. మా కృష్ణాతీరమున నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుని మీరు ర్యూజు అని పిలిచి గురుపరంపరలో పూజింతురు. మా రాముని కథను యూగో సాకో గారు మా రాం మోహన్ గారితో కూడి 1992లో బొమ్మలచిత్రముగా తీసిరి. 2025 జనవరిలో అది తెలుగుమాటలతో మా ఊళ్లకు వచ్చినప్పుడు నేను ఈ పిల్ల ప్రక్కనే కూర్చుండి చూచితిని. మా దేవతలను, మా ఆచార్యులను, మా కథలను ఇంత గౌరవముతో ఇంట పెట్టుకొనినవారి వాకిట మేము చెప్పులతో నిలిచితిమన్న తలంపు ఆ గుడిలో నన్ను దహించినది.

ఇక నా విన్నపము. 2024లో ఫుజికవాగుచికో పట్టణమువారు ఫోటోలకై మూగు యాత్రికులతో విసిగి, ఒక దుకాణము వెనుక పర్వతము కనబడు చోట నల్లని తెర కట్టిరని చదివితిని. కొన్ని నెలలకు దానిని తీసివేసిరి. వారి బాధ యెట్టిదో నే నిప్పుడు ఎఱుగుదును, వారిని తప్పుపట్టను. మీరు మాత్రము తెర కట్టకుడు. మమ్ము శాసింపుడు. 2018 సెలవులలో మీ పౌరులకు ధ్రువపత్రమిచ్చి, యాత్రికుల వరుసతో నిమిత్తము లేక స్టేషనులోనికి ముందుగా పోనిచ్చు పద్ధతిని మీరు పరీక్షించితిరి. అదే మర్యాదను ఆ గేటువద్దను నెలకొల్పుడు. బడి పిల్లలు కొండ యెక్కు వేళను, దిగు వేళను యాత్రికుడెవ్వడును అక్కడ నిలువరాదని నియమము పెట్టుడు. మియజిమా ద్వీపమునకు పోవువారినుండి 2023 నుండి నూరు యెన్లు తీసికొనుచున్నారు. నేను చెల్లించితిని, గుడిలో హుండీలో వేసినట్లే యుండెను. మీ వాలుదారికిని అట్టి రుసుము పెట్టి, ఆ ధనమును ఆ వీథివారి కొఱకే వినియోగింపుడు. ఫోటో నిషేధించినను మేము వత్తుము. రెండు రైళ్లు పోవునంత సేపు మాత్రమే నిలువుడని తాడు కట్టి వరుసగా పంపినను వత్తుము. వరుసలో నిలుచుట మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆ గేటు ప్రక్కనే ఒక పలకమీద, ఈ మెట్టమీద నివసించువారెవరు, ఈ రైలు ఎప్పటినుండి నడచుచున్నది, ఈ సముద్రమున ఏ చేపలు దొరకును, ఈ బడిలో చదివినవారు ఏమి చెప్పుకొందురు అన్నది మీ మాటలలోనే వ్రాసి పెట్టించితిరేని, దానిని తెలుగున వ్రాసి యిచ్చు పని నాది. ప్రతిఫలము కోరను.

నా దేశమునకు చెందిన పిల్లలును వారి తల్లిదండ్రులును ఇక మీదట మీ ఊరికి ఎక్కువగా వత్తురు. వారికి చెప్పవలసినది నేను మా పత్రికలలో వ్రాయుచున్నాను. అది మీరు పడవలసిన శ్రమ కాదు.

ఆనాటి ఛాయాచిత్రము నావద్ద నున్నది. అందు రైలు సగమే పడినది; సముద్రము పడనేలేదు; మనుమరాలు నవ్వబోవుచున్నది; అంచున ఊదారంగు సంచి చక్రమొకటియు, వంగిన వీపు కొంతయు కనబడును. ఆ అంచు కత్తిరించి బంధువులకు పంపుదునా యని యడిగితిని. "వద్దు తాతయ్యా, ఆవిడ్ని ఉండనీ" అన్నది. అట్లే యుంచితిమి.

వచ్చు వైశాఖమున మరల వచ్చుచున్నాము. ఈసారి కొషిగోయెలో దిగి సముద్రపుటొడ్డుననే నడచి వచ్చెదము. కెమెరా తేము. బరువైన సంచితో ఆ మెట్ట ఎక్కువారెవరైన ఎదురుపడినచో పట్టుకొనుటకు మా యిద్దఱి చేతులును ఖాళీగానుండును.

ఇట్లు,
విధేయుడు,
గోదావరితీరపు ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు